ష్యూరిటీ దొరికేదాకా

అక్టోబర్ 4, 2024. శుక్రవారం

నిన్న సుప్రీంకోర్టు తీర్పు. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం చెల్లదు. ఊడ్చే పని ఒక కులానికి, వంట ఇంకో కులానికి అని కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌లో ఇన్నాళ్లూ అచ్చులోనే ఉంది. రిజిస్టర్లో కులం గడి తీసేయమన్నారు. కేసు వేసింది సుకన్య శాంత, జర్నలిస్టు. పేపరు కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను.

ఉద్యోగమంతా కోర్టులో టైపు కొట్టాను. బెయిలు ఆర్డర్లు లెక్కలేనన్ని. ఆ కాగితంతో మనిషి ఏ రోజు బయటపడ్డాడన్నది నా టేబుల్ దాకా వచ్చేది కాదు.

అక్టోబర్ 5. శనివారం

ఇడ్లీ బండి ఆమె కొడుకు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడట. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. వయసు పంతొమ్మిది. చేశాడో లేదో నాకు తెలియదు, అడగలేదు.

బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నన్నాళ్లు ఆమె బండి బాగా నడిచింది. వీసా లైన్లో నిలబడేవాళ్లు తెల్లారకముందే వచ్చేవాళ్లు. 2023లో కాన్సులేట్ నానక్‌రాంగూడకు వెళ్లిపోయింది. అప్పట్నుంచి రైల్వే స్టేషన్ దగ్గర పెడుతోంది.

"ములాకత్‌కు పోవాలె అమ్మా. ఒక్కదాన్నే పోతె అక్కడ ఏం సమజ్ గాదు. జర రారాదు."

వస్తానన్నాను.

అక్టోబర్ 8. మంగళవారం

బేగంపేటలో మెట్రో ఎక్కాం. పరేడ్ గ్రౌండ్స్‌లో మారి గ్రీన్ లైను. సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్. ఎంజీబీఎస్‌లో ఇంకోసారి మారితే మలక్‌పేట. అక్కణ్నుంచి ఆటో. ఆమె మెట్రో ఎక్కడం ఇదే మొదలు. ఒళ్లో ఇడ్లీల డబ్బా. లోపలికి రానివ్వరని ముందే చెప్పాను. "తెలుసమ్మా. అయినా తెచ్చిన" అంది.

చంచల్‌గూడ జైలు 1876 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పుడు పదేళ్లు. రాజ్యం నడిపింది దివాన్ సాలార్‌జంగ్. పిల్లాడి పేరు మీద పెద్దవాళ్లు కట్టిన జైలు. చుట్టూ ఇప్పుడు ఊరు. గోడ పక్కనే బస్సులు, మెకానిక్ షెడ్లు, ప్రభుత్వ ప్రెస్సు. జైలుశాఖ పెట్రోల్ బంకు కూడా ఉంది. ఖైదీలు, విడుదలైనవాళ్లు అందులో పనిచేస్తారు. మా ఆటో అతను అక్కడే పోయించుకున్నాడు. కొలత సరిగ్గా ఉంటుందన్నాడు.

ఆధార్ చూపించాలి. ఖైదీ పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, వచ్చినవాళ్లకు ఏమవుతాడో రాయాలి. ఆమెకు కేసు నంబరు తెలియదు. నేను ఎఫ్‌ఐఆర్ కాపీ చూసి రాశాను. లైన్లో ముందున్న ముసలాయన తనదీ రాయమన్నాడు. ఆయన వెనకావిడ కూడా అడిగింది. వెంట తెచ్చిన పెన్ను అక్కడే ఉండిపోయింది.

రిమాండ్ ఖైదీకి వారానికి రెండు ములాకత్‌లు. శిక్ష పడినవాళ్లకు రెండు వారాలకొకటి.

మధ్యలో అడ్డం. అటూ ఇటూ ఫోను. అందరూ ఒకేసారి మాట్లాడటంతో ఫోన్లో గొంతుకంటే పక్కవాళ్ల గొంతు గట్టిగా వినిపిస్తుంది. ఆమె అడిగింది ఒకటే, "తిన్నవా?" వాడూ ఒకటే అడిగాడు, "బండి ఎవరు జూస్తున్రు?" మిగతా సమయమంతా ఇద్దరూ ఫోను చెవికి పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నారు. వాడి కుడి మోచెయ్యి దగ్గర గజ్జి. గోకుతున్నాడు, తల్లి చూసిందని ఆపుతున్నాడు. మళ్లీ గోకుతున్నాడు.

బయటికొచ్చాక డబ్బా ముసలాయనకిచ్చింది. ఆయన గోడ నీడన కూర్చుని మొత్తం తిన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి రాత్రి బస్సెక్కాడట.

అక్టోబర్ 10. గురువారం

సద్దుల బతుకమ్మ. బ్రాహ్మణవాడిలో పెద్ద బతుకమ్మ పేర్చారు. ఆమె గునుగు పూలు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది, ఆడలేదు. ఎందుకాడవని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

అక్టోబర్ 13. ఆదివారం

నిన్న దసరా. రాత్రి నిమ్స్‌లో జి.ఎన్. సాయిబాబా పోయారు. అమలాపురం మనిషి. పోలియోతో చిన్నప్పుడే కాళ్లు పోయాయి. ఢిల్లీలో ఇంగ్లీషు ప్రొఫెసరు. 2014 మేలో అరెస్టు. 2017లో యావజ్జీవం. నాగపూర్ జైల్లో అండా సెల్లు, వీల్‌చైరు. 2020లో తల్లి పోయింది. పెరోల్ ఇవ్వలేదు.

2022 అక్టోబర్ 14న హైకోర్టు నిర్దోషి అంది. మర్నాడు శనివారం. సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పు ఆపింది. మొన్న మార్చి 5న హైకోర్టు రెండోసారి నిర్దోషి అంది. బయటికొచ్చి ఏడు నెలలు బతికారు.

అండా సెల్లంటే గుడ్డు ఆకారంలో కట్టిన గట్టి కాపలా గది. ఒంటరి గది. చక్రాల కుర్చీ మనిషిని అందులో పెట్టాల్సినంత భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు.

అక్టోబర్ 15. మంగళవారం

సాయిబాబా దేహం నిన్న గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కళ్లు ఎల్.వి. ప్రసాద్‌కు.

నిన్న అక్టోబర్ 14. రెండేళ్ల కిందట మొదటిసారి నిర్దోషి అన్న తేదీ.

గాంధీ ఆస్పత్రి ఇప్పుడున్న చోట ముషీరాబాద్ జైలు ఉండేది. జైలు తీసేశారు, చర్లపల్లిలో కొత్తది కట్టారు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి పాత ఆస్పత్రి 2003లో ఆ జాగాకు మారింది.

అక్టోబర్ 17. గురువారం

ఆమె ఒక్కతే వెళ్లొచ్చింది. దారి వచ్చేసింది. వాడు చెప్పినవి నాకు చెప్పింది.

పొద్దున తాళం తీసేటప్పుడు లెక్క. పగలు లెక్క. సాయంత్రం తలుపేసేటప్పుడు లెక్క. లెక్క తప్పితే మళ్లీ మొదట్నుంచి, కలిసేదాకా ఎవరూ కదలకూడదు. రాత్రి లైటు ఆర్పరు. మొదట్లో నిద్ర పట్టలేదట, ఇప్పుడు ముఖం మీద తువ్వాలు కప్పుకుంటున్నాడట.

"పని జెప్తలేరా?" అని తల్లి అడిగిందట. రిమాండు వాళ్లకు పని పెట్టరు, శిక్ష పడ్డవాళ్లకే. వంట, బేకరీ, సబ్బులు, ఫినాయిలు. మై నేషన్ పేరుతో బయట అమ్ముతారు. మా ఇంట్లో ఫినాయిలు అదే.

పని ఉంటే పొద్దు పోయేది అన్నాడట.

అక్టోబర్ 22. మంగళవారం

ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చూశాను. 2022 ఆఖరుకు దేశంలో ఖైదీలు 5,73,220. జైళ్లలో ఉన్న చోటు 4,36,266 మందికి. మొత్తం ఖైదీల్లో విచారణ ఖైదీలు 4,34,302.

అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పు రాలేదు. వీళ్లొక్కళ్లతోనే ఉన్న చోటు దాదాపు నిండింది.

కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్. 479వ సెక్షన్. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపితే బాండు మీద వదలాలి. దొంగతనానికి మూడేళ్లు. మూడోవంతు ఏడాది. రుజువు కాకుండానే ఏడాది. ఆమెకు చెప్పలేదు.

అక్టోబర్ 31. గురువారం

దీపావళి. ఆమె బండి పెట్టింది. సెలవు రోజు గిరాకీ ఉండదని తెలిసీ.

నవంబర్ 5. మంగళవారం

బెయిలొచ్చింది. ఆమె ఫోన్లో ఏడ్చింది. సంతోషం కొద్దీ అనుకున్నాను. తర్వాత చెప్పింది, ఇద్దరు ష్యూరిటీలు కావాలన్నారట.

ఆర్డరు చదివాను. ఇలాంటి వాక్యాలు ఎన్ని కొట్టానో. "ఇద్దరు జామీనుదారులతో" అన్న ముక్క నా వేళ్లకు కంఠతా వచ్చు. ఆ ఇద్దర్ని ఎక్కడ వెతుక్కోవాలో ఆ వాక్యంలో ఉండదు.

ఇంటి పన్ను రసీదు కావాలి. లేదంటే జీతం స్లిప్పు. ఆధార్, ఫొటోలు. ఆమెది బ్రాహ్మణవాడిలో అద్దె గది. తమ్ముడిది కూలిపని. తెలిసినవాళ్లలో సొంతిల్లు ఉన్నది ఒక్కళ్లకే, నాకు.

ఒకటి నాది. రెండోది చూడాలి.

నవంబర్ 8. శుక్రవారం

కోర్టు ఆవరణల్లో డబ్బుకు జామీను పడేవాళ్లుంటారు. పొద్దున్నే వస్తారు, చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రసీదులు. ఒకతను ఆమెను ఎనిమిది వేలడిగాడు. ఆమె ఇంటికెళ్లి కమ్మలు తీసింది. నేను వద్దన్నాను. ఆ రసీదులు అసలువో కావో తెలియదు. తేడా వస్తే పిల్లాడి మీదికే వస్తుంది.

కమ్మలు మళ్లీ పెట్టుకోలేదు. కొంగున కట్టుకుంది.

నవంబర్ 12. మంగళవారం

సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది: బెయిలు ఆర్డరు వచ్చాక ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలయినా పూచీ కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడవచ్చు. కేంద్రం పథకం కూడా ఉంది, అదీ 2023దే. పూచీ డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల దాకా.

అర్జీ రాశాను. ఒక ఆఫీసులో ఇచ్చాం. కౌంటర్లో మనిషి తీసుకున్నాడు, రసీదివ్వలేదు. అడిగితే రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే అదే మాట. చివరికి కార్బన్ కాపీ మీద ముద్ర కొట్టించుకునేదాకా నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

కాగితం ఇవ్వడమే కాదు, ఇచ్చినట్టు కాగితం ఉండాలి. ఆమెకు మొదట నేర్పింది ఇదే.

నవంబర్ 17. ఆదివారం

మా మేనల్లుడు పిల్లల్ని తీసుకుని సంగారెడ్డి వెళ్లాడు. అక్కడి పాత జిల్లా జైలు 1796 నాటిది. 2016లో మ్యూజియం చేశారు. ఐదు వందలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండొచ్చని పెట్టారు. జైలు బట్టలు, జైలు తిండి, రాత్రి తాళం. "అత్తా, నువ్వూ రావాల్సింది" అన్నాడు.

పిల్లలకు చూపించడం మంచిదే. చూసొచ్చిన చిన్నది రాత్రంతా అడుగుతూనే ఉంది. తలుపు వాళ్లే తీసుకోకూడదా? బాత్రూమ్ వస్తే? అమ్మ వస్తే? సరైన ప్రశ్నలు.

నవంబర్ 20. బుధవారం

తిరుమలగిరి వెళ్లాల్సిన పని పడింది. మిలిటరీ జైలు బయటి నుంచి కనపడింది. 1858లో ఇంగ్లీషువాళ్లు కట్టారు, తప్పుచేసిన తమ సిపాయిల కోసం. కోట బురుజులు. దూరం నుంచి జమీందారు మేడ అనుకుంటారు.

1857 తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడు. ఎవరి మీదా నమ్మకం లేని రోజులు. సొంత మనుషుల మీద కూడా.

నవంబర్ 24. ఆదివారం

వట్టికోట ఆళ్వారుస్వామి "జైలు లోపల" మళ్లీ తీశాను. ఆయన మన సికింద్రాబాద్ మనిషి కిందే లెక్క. దేశోద్ధారక గ్రంథమాల 1938లో ఇక్కడే మొదలుపెట్టారు. పుస్తకాలు భుజాన వేసుకుని ఊరూరా అమ్మారు. నిజామాబాద్ జైల్లో దాశరథితో పాటు ఉన్నారు. దాశరథి అక్కడ గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన సంగతి అందరికీ తెలుసు.

ఆళ్వారుస్వామి చేసిన పని నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. తాను రాజకీయ ఖైదీ. కథలు మాత్రం పక్క గదుల్లో ఉన్న మామూలు ఖైదీల మీద రాశారు. దొంగతనాలవాళ్లు, హత్యలవాళ్లు. వాళ్ల కోసం బయట ఊరేగింపు ఉండదు. పేపర్లో పేరు రాదు. వాళ్లూ మాట్లాడతారని ఆయన విన్నారు.

నవంబర్ 28. గురువారం

ములాకత్‌కు నేనూ వెళ్లాను. వాడి చేతికి మందు రాశారు. గజ్జి తగ్గింది. నన్ను చూసి నమస్తే పెట్టాడు. "అమ్మా, బెయిల్ అచ్చిందన్నరు గదా, మల్ల ఎందుకు ఇడుస్తలేరు?" అన్నాడు.

ఒకటి నేనున్నాను, రెండోది చూస్తున్నాం అన్నాను.

వాడి బ్యారక్‌లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారట. బెయిలొచ్చి కూర్చున్నవాళ్లు.

డిసెంబర్ 1. ఆదివారం

1975 డిసెంబర్ 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఇద్దరూ ఆదిలాబాద్ జిల్లా రైతుబిడ్డలు. ఎమర్జెన్సీ. వాళ్ల ప్రాణాల కోసం కె.జి. కన్నబిరాన్ ఆఖరుదాకా కోర్టుల చుట్టూ తిరిగారు.

అంతకు పాతికేళ్ల ముందు, 1950లో, తెలంగాణ సాయుధ పోరాటంలో మరణశిక్ష పడ్డవాళ్లు పన్నెండుమంది. వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చారు. దేశదేశాల్లో గొడవైంది. ఉరి ఆగింది.

ఈ ఇద్దరికి ఆగలేదు.

సాయంత్రం మెట్రోలో గాంధీ హాస్పిటల్ దాటుతుంటే కిటికీ వైపు కూర్చున్నాను. ఔట్‌పేషెంట్ భవనం, పార్కింగు, అంబులెన్సులు. ఉరికొయ్య ఏ మూలన ఉండేదో చెప్పే పలక ఎక్కడైనా ఉందేమో అని ఈసారి దిగి చూశాను. నాకు కనపడలేదు. ఉండాలి. రెండు పేర్లు, ఒక తేదీ. ఆస్పత్రికి దానివల్ల వచ్చే నష్టం లేదు.

డిసెంబర్ 2. సోమవారం

నిన్నటిదే ఇంకా బుర్రలో తిరుగుతోంది.

సికింద్రాబాద్ కుట్ర కేసు. 1974లో పెట్టారు. వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, ఇంకా చాలామంది. 1989లో కొట్టేశారు. చెరబండరాజు 1982లోనే పోయాడు. తీర్పు వచ్చేసరికి వినడానికి లేడు.

డిసెంబర్ 6. శుక్రవారం

నెల నిండింది. షరతు సడలించమని పిటిషన్ వేశాం. వకీలు న్యాయసేవా సంస్థ తరఫున. కుర్రవాడు, శ్రద్ధగా ఉన్నాడు. నా టైపింగు చూసి "మేడమ్, ఈ మార్జిన్లు ఇప్పుడెవరూ పెట్టడం లేదు" అన్నాడు. పెట్టాలన్నాను.

కోర్టులో కూర్చుంటే చర్లపల్లి మాటొచ్చింది. అక్కడ కోర్టే జైల్లోకి వెళ్లింది. 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు విచారణ జైలు లోపలే జరిగింది. 2016 డిసెంబర్ 19న ఐదుగురికి మరణశిక్ష వేశారు. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసు తీర్పు కూడా 2018లో అక్కడే. జడ్జి, సాక్షులు, వకీళ్లు అందరూ గేట్లు దాటి లోపలికి వెళ్లాలి. ఖైదీ మాత్రం గేటు దాటడు.

బాంబు కేసులకు అది అవసరం. ఆ పేలుళ్లలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు తీర్పు కావాలి.

అదే చర్లపల్లిలో గోడ లేని వ్యవసాయ జైలు కూడా ఉంది. మంచి నడవడిక ఉన్న శిక్షపడ్డ ఖైదీలు పొలం పని చేస్తారు. హత్య కేసులవాళ్లు కూడా ఉంటారు. పారిపోవచ్చు, పారిపోరు. మొన్న జులైలో ప్రభుత్వం రాష్ట్రంలోని జైళ్ల నుంచి క్షమాభిక్షతో 213 మందిని వదిలింది. చాలామంది యావజ్జీవం వాళ్లు.

డిసెంబర్ 14. శనివారం

టీవీలన్నిట్లో చంచల్‌గూడ. అల్లు అర్జున్. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసు. నిన్న అరెస్టు, రిమాండు, సాయంత్రానికే హైకోర్టు మధ్యంతర బెయిలు. కాగితాలు చేరేసరికి ఆలస్యమైంది. రాత్రి లోపలే. పొద్దున్నే వదిలారు.

రూలు అందరికీ ఒకటే. లాకప్ అయ్యాక విడుదల ఉండదు.

ఆమె బండి దగ్గర రేడియోలో విన్నది. "ఆయన కూడా ఒక రాత్రి ఉన్నడంట గదా అమ్మా" అంది. పాపం అనే అంది. ఆ థియేటర్లో చనిపోయినావిడ గురించి కూడా అడిగింది. ఆవిడ కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాను. చట్నీ గిన్నె మూత పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

డిసెంబర్ 17. మంగళవారం

పిటిషన్ విన్నారు. పదినిమిషాలు కూడా పట్టలేదు. రెండు ష్యూరిటీలు తీసి ఒకటి చేశారు. నాది సరిపోయింది.

ఇంటి పన్ను రసీదు, పెన్షన్ పుస్తకం, ఆధార్. జడ్జిగారు నన్ను అడిగారు, "ఈ అబ్బాయి మీకేమవుతాడు?" వాళ్లమ్మ దగ్గర ఇడ్లీ తింటానని చెప్పాను. తలూపి సంతకం చేశారు.

రిలీజ్ ఆర్డరు పట్టుకుని వెళ్లేసరికి సాయంత్రమైంది.

డిసెంబర్ 18. బుధవారం

పొద్దున వదిలారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక జత బట్టలు, కొంత చిల్లర, సబ్బు ముక్క. తల్లి ముందు వాడి మోచెయ్యి చూసింది. మానింది.

మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ప్రతి స్టేషన్లో తెరుచుకోవడం చూశాడు. బేగంపేటలో నేనే చెప్పి దింపాను.

ఆమె కొంగుముడి విప్పి కమ్మలు పెట్టుకుంది, లిఫ్టు అద్దంలో చూసుకుని.

డిసెంబర్ 20. శుక్రవారం

వాయిదా జనవరి నెలాఖరుకు. చార్జిషీటు వేశారు. కేసు ఇంకా మొదలే కాలేదు.

వాడు బ్యారక్‌లో ఉన్న మరో ఇద్దరి పేర్లు రాసిచ్చాడు, బెయిలొచ్చి కూర్చున్నవాళ్లవి. ఒకడు మహబూబ్‌నగర్ ముసలాయన కొడుకు. కేసు నంబర్లు కూడా వేశాడు, తప్పుల్లేకుండా. ముసలాయనకు ఫోను చేశాను. ఎఫ్‌ఐఆర్ కాపీ లేదన్నాడు. కోర్టులో అర్జీ పెడితే సర్టిఫైడ్ కాపీ వస్తుంది, సోమవారం రమ్మన్నాను, రెండు ఫొటోలు తెచ్చుకోమన్నాను.